సీడెడ్, దత్త మండలాలు, రాయలసీమ: మూడూ ఒకటేనా? పటంలో ఎలా చూపాలి?

కుందూ గట్టు (ప్రశ్న)

కాలేజీ చరిత్ర విభాగం ప్రదర్శనకి ఒక గోడపటం తయారవుతోంది. 1800 నుంచి ఇప్పటిదాకా రాయలసీమ హద్దులు ఎలా మారాయో రంగుల్లో చూపాలి. పక్కన నూటయాభై మాటలకి మించని వివరణ ఉండాలి. పని మొదలుపెట్టగానే చిక్కొచ్చింది. ఒకచోట సీడెడ్ జిల్లాలంటే బళ్ళారి, కడప అని రెండే కనబడుతున్నాయి. ఇంకోచోట కర్నూలు, అనంతపురం కలిపి నాలుగు. మరోచోట చిత్తూరు కూడా ఉంది గానీ బళ్ళారి లేదు.

తెలిసినవాళ్ళు మూడు సంగతులు తేల్చండి. ఈ మూడు పేర్లనీ ఒకదానికి బదులు ఒకటి వాడొచ్చా? రాయలసీమ అన్న పేరు గాడిచర్ల పెట్టారా, చిలుకూరి నారాయణరావు పెట్టారా? అన్నిటికన్నా ముఖ్యం: బయటివాళ్ళు గీసిన హద్దు వల్ల 'మేమంతా ఒక సీమ' అన్న భావం పుట్టిందా, లేక అది ముందునుంచే ఉందా? వివరణలో ఈ చివరిదానికే ఎక్కువ చోటు ఇవ్వాలని ఉంది.

రికార్డు రూము

దత్త మండలాలు అన్నది సీడెడ్ జిల్లాలకి తెలుగు మాటే, ఆ రెండూ ఒకటే. రాయలసీమని మాత్రం వాటికి బదులు వాడొద్దు. దాని హద్దు వేరు.

సీడెడ్ (అంటే అప్పగించిన) అన్నది ముందుగా ఒక ఒప్పందంలోని మాట. 1800 అక్టోబరు 12న నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. హైదరాబాదులో ఉండే కంపెనీ పటాలాల ఖర్చుకి ఏటేటా రొక్కం కట్టే బదులు నేల రాసిచ్చాడు. ఏ నేల అంటే, 1792లోనూ 1799లోనూ టిప్పు సుల్తాను మీద గెలిచినప్పుడు పంపకాల్లో తన వాటాకి వచ్చింది. తుంగభద్ర హద్దుగా నిలిచేలా ఆదోని లాంటి చోట్లని మార్పిడి కింద కలిపారు. అంటే ఈ ముక్కని ఒక్కటిగా చేసింది భాష కాదు, పంట కాదు, పాత రాజ్యమూ కాదు, వాటాల లెక్క. హరపనహళ్ళి కన్నడ ఊళ్ళూ కంభం చెరువు కింది తెలుగు ఊళ్ళూ ఒకే పేరు కిందికి రావడానికి అంతకుమించి కారణం లేదు.

1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో అనంతపురంలో ఉండి మొత్తాన్నీ ప్రిన్సిపల్ కలెక్టరుగా చూశాడు. కింద నలుగురు సబ్‌కలెక్టర్లు: హరపనహళ్ళి, ఆదోని, కంభం, కడప. 1808లో దాన్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. మీకు 'రెండే' కనబడింది ఇందుకే. కర్నూలు సంగతి వేరు. 1800లో కంపెనీకి దఖలు పడింది కర్నూలు నవాబు కట్టే పేష్కషు, అంటే కప్పం మాత్రమే. నవాబు 1839 దాకా గద్దె మీదే ఉన్నాడు. కర్నూలు జిల్లా అయ్యింది 1858లో. నవాబు తాలూకాలకి కడప నుంచి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల, బళ్ళారి నుంచి పత్తికొండ తెచ్చి కలిపారు. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. చిత్తూరు 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అందులో మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి కాబట్టి అవి అసలైన సీడెడ్. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ఉత్తర ఆర్కాటువి. వాటిని కంపెనీ 1801లో ఆర్కాటు నవాబు నుంచి తీసుకుంది, నిజాం నుంచి కాదు.

పటం పనికొస్తే, ఇప్పటి జిల్లాల పటం మీద గీతలు గీయొద్దు. మండలాలు 1985లో వచ్చాయి, పాత తాలూకా గీతలు వాటితో చాలాచోట్ల అతకవు. 1985కి ముందరి తాలూకా పటాన్ని అడుగున పెట్టి, దాని మీద ఐదు ట్రేసింగు కాగితాలు వేయండి: 1800, 1858, 1911, 1953, 1970. ఒక్కో కాగితం మీద ఆ ఏడు మారిన తాలూకాలకే రంగు. ఇంకో జాగ్రత్త. దత్త మండలాలన్నప్పుడు మండలం అంటే జిల్లా. ఇప్పటి పిల్లలు దాన్ని తహసీల్దారు మండలం అనుకుంటారు. పటం అంచున ఒక్క ముక్క రాయకపోతే ప్రదర్శనలో ఈ ప్రశ్నే పదిసార్లు వస్తుంది.

పెన్న ఇసుక

పేరు సంగతి నేను చెబుతాను. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దాంతోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సభ కూడా జరిగింది. రాయలసీమ అన్న పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు. చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరు చెప్పుకుంటూ వచ్చారు, ఇప్పటికీ కొన్నిచోట్ల అలాగే ఉంటుంది. కర్నూలు మనిషి, పెద్ద నాయకుడు, కాబట్టి ఆ ఖ్యాతి ఆయన ఖాతాలో పడిపోయింది. మీ వివరణలో చిలుకూరి పేరే వేయండి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నారాయణరావు పుట్టింది శ్రీకాకుళం వైపు. అనంతపురంలో ఆయన పాఠం చెప్పిన కాలేజీ పేరు 1916లో మొదలైనప్పుడు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. కంపెనీ పెట్టిన పేరుని తీసేసిన మనిషి కూడా, పుట్టుక లెక్కన చూస్తే, సీమకి బయటివాడే. అందుకని 'బయటి పేరు పోయి సొంత పేరు వచ్చింది' అని సులువుగా రాసేయకండి. రెండో పేరు నిలిచింది లోపలివాళ్ళు పెట్టారని కాదు, సభలో ఒప్పుకున్నారని. దత్తం అన్న మాటలో ఇంకొకరి చేతికి అప్పగించినవాళ్ళం అన్న చిన్నతనం ఉంది. నిజాం ఇచ్చాడు, కంపెనీ పుచ్చుకుంది, ఊళ్ళలో ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు. రాయల పేరు పెడితే ఆ వరస తలకిందులవుతుంది, ఒకప్పుడు ఏలినవాళ్ళం అన్న గర్వం వస్తుంది.

1800కి ముందు ఈ నేలంతటికీ కలిపి ఒకే పేరు లేదు. రేనాడు ఉంది, ములికినాడు ఉంది, పొత్తపినాడు ఉంది, తూర్పున పాకనాడు ఉంది. విజయనగర కాలపు శాసనాల్లో గండికోట సీమ, పెనుగొండ సీమ అని కనబడతాయి. మెకంజీ సేకరించిన ఊళ్ళ చరిత్రలు, అదే కైఫియత్తులు తిరగేసినా ఊరిని ఏదో ఒక సీమ కిందో తాలూకా కిందో చెబుతారు. సీమ అంటే అప్పట్లో చిన్న పాలనా విభాగం. నారాయణరావు ఆ చిన్న మాటనే మొత్తానికి కప్పాడు. ఆ పాత నాడులు జనం నోట ఇప్పుడు మిగిలింది శాఖల పేర్లలోనే: ములికినాటివాళ్ళు, పాకనాటి రెడ్లు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు తప్ప బయటికి రావు.

పటంలో తప్పకుండా చూపాల్సింది హంపి. 1928లో రాయలసీమ అని పేరు పెట్టేనాటికి హంపి బళ్ళారి జిల్లా హోస్పేట తాలూకాలో ఉంది, అంటే సీడెడ్‌లోపలే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం మూడు తాలూకాలే ఇటు వచ్చాయి. మిగతాది మైసూరుకి పోయింది. ఏ రాయల పేరు పెట్టుకున్నారో ఆ రాయల రాజధాని సీమ బయటపడింది. మరోపక్క చంద్రగిరి చూడండి. దత్త మండలాలన్న మాటకి కట్టుబడితే దానికి చోటే లేదు. రాయల పేరు పెట్టాక, 1565 తర్వాత పెనుగొండ, ఆ తర్వాత చంద్రగిరి రాజధానులైన వంశం కాబట్టి, చిత్తూరు వైపు కలవడానికి పేరు అడ్డురాలేదు. పేరు మారితే హద్దు కూడా కదులుతుందని చూపడానికి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

గిద్దలూరు రోడ్డు

మధ్యలో ఉన్నవాళ్ళకి పేరుతో పెద్ద పేచీ లేదు, తేడా తెలిసేది అంచున. అందుకని గిద్దలూరు, మార్కాపురం వైపు కొంచెం పెద్దదిగా వేయండి. విడి పెట్టెలో వేస్తే ఇంకా మంచిది.

ఈ తాలూకాలు 1800లో సీడెడ్. కంభంలో మన్రో సబ్‌కలెక్టరు కూర్చున్నాడు. 1858 నుంచి కర్నూలు జిల్లా. 1928లో రాయలసీమ. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. తర్వాత అదే ప్రకాశం. నేల మారలేదు, వాన పెరగలేదు, నల్లమల జరగలేదు. అయినా ఆ రోజునుంచి కాగితాల మీద కోస్తా. దాని వల్ల ఏం జరిగిందో వరసగా చెబుతాను.

1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉద్యోగాల జోన్లు వేశారు. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు నాలుగో జోను. ప్రకాశం మాత్రం గుంటూరు, నెల్లూరుతో కలిసి మూడో జోను. చదువుల్లో లోకల్ ఏరియా వేరే లెక్క. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, సీమ నాలుగు జిల్లాలూ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే కాబట్టి ఈ గీత ఒట్టి గీత కాదు. మార్కాపురం పిల్లాడు శ్రీకాకుళం పిల్లాడితో ఒకే వరసలో నిలబడతాడు, పక్కనున్న నంద్యాల పిల్లాడితో కాదు. వాతావరణ శాఖ దేశాన్ని 36 సబ్‌డివిజన్లు చేసింది. అందులో రాయలసీమ ఒకటి, కోస్తా ఆంధ్ర ఇంకొకటి. ప్రకాశం జిల్లా సగటు కోస్తా లెక్కలో పోయేది. 2022లో చీరాల ప్రకాశం నుంచి విడిపోయేదాకా, చీరాల తీరంలో తుపాను వాన, కంభంలో ఎండిన చేను, రెండూ ఒకే అంకెలో కలిసిపోయేవి.

ఇక 2014 విభజన చట్టం. 46వ సెక్షనులో ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీకి రాయలసీమ, ఉత్తర కోస్తా ప్రాంతాల పేర్లు రాశారు. ఆ లెక్కన ఏడు జిల్లాలకి ఏటా 50 కోట్ల చొప్పున ప్రకటించారు: సీమవి నాలుగు, ఉత్తరాంధ్రవి మూడు. ప్రకాశం రెండిట్లోనూ లేదు. ఏళ్ళ తరబడి నడిచిన మార్కాపురం జిల్లా ఉద్యమానికి ముడిసరుకు ఇదే: కరువు సీమది, చిరునామా కోస్తాది.

నెల్లూరుది ఇంకో రకం. కంపెనీ ఉత్తర సర్కార్లని పిలిచిన కోస్తా జిల్లాల్లో ఎప్పుడూ లేదు, 1801 దాకా ఆర్కాటు నవాబుది. చదువుకి వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాలో సీమతో, ఉద్యోగాలకి మూడో జోనులో గుంటూరుతో. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట అందులో చేరాయి. దాంతో జిల్లా పేరు చూసి ఎవరు సీమ, ఎవరు కోస్తా అని తేల్చే పద్ధతి కూడా చెడింది. 2022 తర్వాతి జిల్లాలకి రంగులు వేయకండి, చూసేవాళ్ళు తప్పుదారి పడతారు.

ఎర్రనేల

పై మూడు జవాబుల్లో వివరాలు బాగున్నాయి. కానీ పేరుకి మరీ అంత బలం ఇస్తున్నారు. పేరే మనుషుల్ని ఒక్కటి చేసేదైతే 'సర్కారు జిల్లాలు' ఏమైపోయింది? అదీ బయటి పేరే. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఐదు సర్కార్లు. నాలుగు 1766 ఒప్పందంతో కంపెనీకి వచ్చాయి, గుంటూరు 1788లో. కంపెనీ దొరలూ మద్రాసు గుమాస్తాలూ నూటయాభై ఏళ్ళు ఉత్తర సర్కార్లని రాశారు. ఇప్పుడు కాకినాడ నుంచి వెళ్ళే సర్కార్ ఎక్స్‌ప్రెస్ బోర్డు మీద తప్ప ఎక్కడుంది? భీమవరంలో ఎవరైనా 'నేను సర్కారువాణ్ణి' అంటారా?

సీమ పేరు నిలిచిందంటే దాని వెనక నీళ్ళ తగువు ఉంది, కొలువుల భయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చింది. దాని కేంద్రం ఎక్కడన్న గొడవ ముదిరి, దత్త మండలాల కాలేజీలు మద్రాసు యూనివర్సిటీతోనే ఉండిపోయాయి. మద్రాసు నుంచి విడిపోతే డెల్టావాళ్ళ చేతి కిందికి పోతామన్న అనుమానం అది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చదవండి. పదేళ్ళపాటు తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ పథకాల్లో సీమకీ నెల్లూరుకీ మొదటి ప్రాధాన్యం అన్నారు. శాసనసభ సీట్లు జనాభాని బట్టి కాక విస్తీర్ణాన్ని బట్టి. హైకోర్టు, రాజధాని రెండిట్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. 1953లో కర్నూలు రాజధాని అయ్యింది ఆ కోరిక మీదే. అందులో నెల్లూరు కూడా ఉందని మర్చిపోకండి. పేరు లేకపోయినా నీళ్ళ కష్టం ఉంది కాబట్టి పక్కన చేర్చారు. ముందు కష్టం, తర్వాతే పేరు.

మీ వివరణలో నీళ్ళ ప్రస్తావన లేకుండా పేర్ల చరిత్ర ఒక్కటే రాస్తే సగం అబద్ధం అవుతుంది.

రికార్డు రూము

ఎర్రనేల గారూ, సర్కార్ల ఉదాహరణ బలమైనదే, ఒప్పుకుంటాను. ఫిర్యాదు లేని పేరు అరిగిపోతుంది. డెల్టావాళ్ళు సర్కారు అన్న మాట వదిలేసి ఆంధ్ర అన్న పెద్ద మాట తీసుకున్నారు. అందులో వాళ్ళదే పైచేయి, చిన్న పేరుతో పని లేకపోయింది.

అయితే మీరు చెప్పిన శ్రీబాగ్ ఒడంబడికే నా మాటకీ సాక్ష్యం. నెల్లూరు పేరు అందులో ఉంది, కష్టమూ ఉంది. తర్వాత ఏమైంది? రాష్ట్రపతి ఉత్తర్వుల జోన్లలో గుంటూరుతో కట్టేశారు, 46వ సెక్షనులో లేదు. కష్టం ఒక్కటే చాలదు. చట్టం రాసేవాడు ఒక్క మాటలో రాయగలిగిన పేరు ఉండాలి. రాయలసీమ అని రాస్తే నాలుగు జిల్లాలు దఖలు. ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం మెట్టకి అలాంటి పేరు లేదు, అందుకని ఏ జీవోలోనూ కలిపి రావు. కష్టం వల్ల పేరు నిలుస్తుంది, ఆ పేరు ఎంతవరకు పరుచుకుందో సాయం అంతవరకే అందుతుంది. ఆ పరుపు కొలత 1800 నాటి వాటాల లెక్కకి చిన్న చిన్న సవరణలు. ప్రశ్న అడిగిన వారికి కావలసిన వాక్యం ఇదేననుకుంటాను.

తెలంగాణ గురించి ఎవరూ అడగలేదు గానీ ఒక్క ముక్క. హైదరాబాదు సంస్థానం జనాభా లెక్కల్లో ఆ సంస్థానాన్ని తెలింగాణా, మరఠ్వాడా అని రెండు విభాగాలుగా చూపేవారు. అదే కాలంలో అక్కడి తెలుగువాళ్ళు 1930లో జోగిపేటలో పెట్టుకున్న సభ పేరు నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ. సర్కారు లెక్కల్లోని పేరు ఒకటి, వాళ్ళు కోరి పెట్టుకున్న పేరు ఇంకొకటి. తర్వాతి అరవై, డెబ్బై ఏళ్ళలో ఆ రెండూ తారుమారయ్యాయి. ఇది వేరే పటం, దీన్ని మీ పటంలోకి లాగకండి.

మార్నింగ్ షో

1928 తీర్మానాన్ని సినిమా వ్యాపారం ఇంకా ఆమోదించలేదు. ఇప్పటికీ హక్కులు అమ్మేది నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని. నిజాం పాలన 1948లో పోయింది, ఆ రాష్ట్రం 1956లో పోయింది, వసూళ్ళ పట్టికలో మాత్రం పదిలం. కారణం తేలికే. ఏరియావారీ రేట్లు, మినిమం గ్యారంటీలు, పాత బాకీలు అన్నీ ఆ పేర్ల మీదే రాసుకున్నారు. పేరు మారిస్తే పాత సినిమా లెక్కతో కొత్త సినిమా లెక్క పోల్చలేరు.

తమాషా ఏంటంటే, తిరుపతి, చిత్తూరు కూడా సీడెడ్ ఏరియాలోనే. రికార్డు రూము గారు చెప్పినట్టు వాటిని నిజాం ఎన్నడూ ఇచ్చింది లేదు. 'సీడెడ్‌లో రికార్డు' అని పోస్టరు వేసే అభిమానికి ఆ మాటలో అవమానం ఏమీ కనబడదు, అది వాళ్ళ హీరో కోట. 1928లో సభ పెట్టి తీసేసిన మాటని మూడు తరాల తర్వాత సీమ కుర్రాళ్ళే గర్వంగా వాడుతున్నారు. బాంబులు, సుమోల సీమని తెర మీద చూపించిందీ ఇదే పరిశ్రమ. ఆ ముద్ర మాత్రం ఎవరికీ ముద్దు కాదు.

కుందూ గట్టు

అందరికీ ధన్యవాదాలు. ఐదు కాగితాల పద్ధతే ఖాయం చేస్తున్నాం. వివరణలో నీళ్ళకి మూడో వంతు ఇస్తాం. ఇంకో రెండు సందేహాలు. 1800 కాగితం మీద కర్నూలు నవాబు తాలూకాలకి ఏ రంగు వేయాలి? బళ్ళారి వైపు కన్నడ తాలూకాలని 1953 తర్వాత ఖాళీగా వదిలేయాలా?

రికార్డు రూము

నవాబు తాలూకాలు నాలుగు: రామళ్ళకోట, నందికొట్కూరు, నంద్యాల, సిరివెళ్ళ. వాటికి అదే రంగులో అడ్డగీతలు వేయండి, నిండుగా పులమొద్దు. పేష్కషు మారింది గానీ పాలన మారలేదని అడ్డగీత చెబుతుంది. కింద సూచికలో 'కప్పం కంపెనీకి, పాలన నవాబుది, 1839 దాకా' అని రాయండి. పేరు మార్చిన సభ జరిగిన నంద్యాల ఆ అడ్డగీతల్లోనే పడుతుంది, అక్కడొక చుక్క పెట్టి 1928 వేయండి.

బళ్ళారి వైపు ఖాళీగా వదలొద్దు. వదిలితే అక్కడ మొదటినుంచీ ఏమీ లేనట్టుంటుంది. రంగు తీసేసి గీత మాత్రం చుక్కలుగా ఉంచండి, లోపల హంపి, హరపనహళ్ళి పేర్లు వేయండి.

పాత కాగితాలు వెతికేటప్పుడు ఇంకో చిక్కుంది. 1882కి ముందు అనంతపురం సంగతులు బళ్ళారి దస్త్రాల్లో ఉంటాయి, 1858కి ముందు కంభం, మార్కాపురం సంగతులు కడప దస్త్రాల్లో. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు, లేవనుకుని వచ్చేస్తారు. ఇంగ్లీషు జాబితాల్లో కడప స్పెల్లింగు 2005 దాకా 'కడ్డపా' లాగే ఉంటుంది, కొత్త స్పెల్లింగు కొడితే సగం రావు.

గిద్దలూరు రోడ్డు

1970 కాగితం మీద నంద్యాల నుంచి గుంటూరు వెళ్ళే రైలు మార్గం కూడా సన్నగా గీయండి. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లు ఆ దారిలోనే వస్తాయి. జిల్లా గీత దాన్ని ఎక్కడ కోస్తుందో చూపిస్తే, ఆ మూడు ఊళ్ళూ ఎటు తెగాయో వేరే వివరణ అక్కర్లేదు.